నొక్కిన వేలు

"ఆ వైరు మీంచి చెయ్యి తియ్యి!"

కొడుకు అరుపుకి పెద్దావిడ చేతిలో టీ తొణికి చీర మీద పడింది. మెట్ల కింద అరలో కోడలు మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ఆమె చెయ్యి గోడకున్న ప్లగ్గు మీద ఉంది. ఎదురుగా నల్ల పెట్టె, దాని మీద పచ్చదీపం, తనకేమీ పట్టనట్టు మినుకు మినుకుమంటోంది.

"లాగేస్తాను. ఇవాళ్టితో పీడ విరగడవుతుంది."

"పీడ కాదు, మనమే విరిగిపోతాం. లాయరమ్మ ఏం చెప్పింది? దేన్నీ ముట్టుకోవద్దంది. ఆపితే సాక్ష్యం చెరిపారంటారు. అది మళ్ళీ ఇంకో నేరం."

"ఆపకపోతే మాత్రం?" కోడలు వెనక్కి తిరగలేదు. "మనం మాట్లాడుకుంటుంటే కూడా ఇందులోకి ఎవరెవరి ఫొటోలో వచ్చి పడుతున్నాయి. వాటిల్లో ఏది రేపు మన మెడకి చుట్టుకుంటుందో? కోర్టు పంపిన మనిషి పాస్‌వర్డు మార్చేసి పోయాడు. లోపలికి వెళ్ళి చూడ్డానికి లేదు, బయట ఆపడానికి లేదు. పేరు మాత్రం మనది. ఇదేం న్యాయమండీ?"

"నన్నడుగుతావేం? నేను సర్వే ఆఫీసులో పొలాలు కొలిచేవాణ్ణి. చట్టాలు కొలిచేవాణ్ణి కాదు."

"ఇద్దరూ కాస్త గొంతు తగ్గించండర్రా," అంది పెద్దావిడ. "పక్కింటావిడ ఇప్పటికే రెండుసార్లు పంచదార అడగడానికొచ్చింది. వాళ్ళింట్లో అందరికీ చక్కెర జబ్బు."

ఎవరూ నవ్వలేదు. కోడలు చెయ్యి ప్లగ్గు మీంచి నెమ్మదిగా జారి ఒళ్ళో పడింది.

ఆ పెట్టెని ఇంట్లో అందరూ గూడు అంటారు. తప్పిపోయినవాళ్ళ కోసం ఎదురుచూసే కుటుంబాలు ఫొటోలు పెట్టుకునే చోటు అది. వెనకాల పెద్ద కంపెనీ ఏదీ లేదు. ఇలాంటి గూళ్ళు ఊరూరా ఉన్నాయి, దేని యజమాని దానికే. ఒక గూట్లో పెట్టిన ఫొటో మిగతా గూళ్ళకి నకలుగా చేరుతుంది. అలా చేరుతుందనే, మాట ఎంత దూరమైనా పోతుందనే, కోడలు దీన్ని మొదలుపెట్టింది. ఆమె తమ్ముడు ఒక పొద్దున తండ్రితో మాటా మాటా అనుకుని చెప్పులేసుకుని వెళ్ళినవాడు, మళ్ళీ రాలేదు. గూట్లో మొదటి ఫొటో అతనిదే.

ఇప్పుడు వచ్చిన ముప్పు వేరే ఫొటో వల్ల. దాన్ని పక్క ఊరి గూట్లో ఎవరో పెట్టారు. ఇల్లు విడిచి వెళ్ళిన తమ కోడలు ఫలానా వీధిలో బట్టల కొట్టులో మిషను కుడుతూ కనిపించిందని, ఆచూకీతో సహా రాశారు. దాని నకలు ఈ పెట్టెలోకి వచ్చింది. అది తీసెయ్యమని ఎవరో అభ్యంతరం పంపారు. ఈ ఇంట్లో ఎవరో ఫొటో తియ్యకుండా 'వదిలేయి' అన్న బొత్తం నొక్కారు. ఆ అమ్మాయి మొగుడు ఈ గూట్లోనే ఆ ఫొటో చూసి, ఆ కొట్టుకి వెళ్ళి, ఆమె చెయ్యి విరిచాడు.

ఎవరు నొక్కారు? రేపు కోర్టులో చెప్పాల్సింది అదొక్కటే.

గూటికి నిర్వాహకులు అని ఒకటే ఖాతా, ఒకటే పాస్‌వర్డు. ముగ్గురూ అందులోంచే వెళ్ళేవాళ్ళు. పొద్దున కొడుకు, మధ్యాహ్నం పెద్దావిడ, సాయంత్రం కోడలు. ఎవరికి వీలు చిక్కకపోతే ఇంకొకరు. దండెం మీద బట్టలు ఎవరు తీశారో, ఎవరు మడతపెట్టారో ఏ ఇంట్లో రాసుకుంటారు? వీళ్ళూ రాసుకోలేదు.

*

లాయరమ్మ వచ్చేసరికి ముగ్గురూ ముందుగదిలో మూడు మూలల కూర్చుని ఉన్నారు. ఆవిడకి ఎప్పుడూ జలుబే. నోట్లో పిప్పరమెంటు బిళ్ళ ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకి మారుతూ ఉంటుంది.

"తేలిందా?" అంది కూర్చుంటూనే.

"తేలడానికి ఏముంది మేడమ్? ఎవరికీ గుర్తులేదు," అన్నాడు కొడుకు.

"కోర్టు మనిషి పెట్టెలో చూశాడు," అంది లాయరమ్మ. "నొక్కింది ఈ ఇంట్లోంచే, ఈ ఇంటి లైను మీదే. అంతవరకే తెలిసింది. ఎవరి వేలో పెట్టెకి తెలీదు కదా."

పెద్దావిడ ముందుకి వంగింది. రాత్రంతా కూర్చుకున్న మాట ఒకటుంది ఆవిడ దగ్గర.

"అమ్మాయ్, నేను టెలిఫోన్ ఎక్స్చేంజిలో పనిచేసి రిటైరయ్యాను. ఈ చెవిలో ఎన్ని మాటలు పడ్డాయో లెక్కలేదు. తిట్టుకున్నారు, బెదిరించుకున్నారు, ఇక ఇంటికి రానని చెప్పుకున్నారు. నేను లైను కలిపాను, అంతే. వాళ్ళన్నదానికి నన్నెవరూ కోర్టుకి పిలవలేదు. ఇదీ అలాంటిదే కదా? ఎక్కడో ఎవరో అన్నారు, మన గూట్లోంచి పోయింది."

లాయరమ్మ ఆవిడ వంక మర్యాదగానే చూసింది. కానీ తల అడ్డంగా ఊపింది.

"మీరు మాట కలిపారు పెద్దమ్మగారూ, దాచుకోలేదు. ఈ పెట్టె దాచుకుంటుంది. వచ్చినవాళ్ళకల్లా చూపిస్తుంది. పోనీ అదీ ఒప్పించొచ్చు, చిన్న గూడు, పక్కవాళ్ళ నకలు, వీళ్ళకేం తెలుసు అని వాదించొచ్చు. కానీ అభ్యంతరం ఉంటే చెప్పండి అని బొత్తం పెట్టింది మీరే. ఎవరో చెప్పారు. మీరు విన్నారు. విన్నాక వదిలేశారు. నాకు తెలీదు అనే తలుపు అక్కడే మూసుకుపోయింది."

"పెద్ద పెద్ద కంపెనీలు రోజూ వదిలేస్తున్నాయి," అన్నాడు కొడుకు.

"వాళ్ళకి జవాబు చెప్పడానికి ఒక అంతస్తు నిండా మనుషులుంటారు బాబూ. మీకు మెట్ల కింద అర ఉంది. చట్టానికి రెండూ ఒకటే. నడిపేది ఎవరు, నిర్ణయం ఎవరిది అని అడుగుతుంది. ఒక మనిషి పేరు కావాలంటుంది."

"చెప్పకపోతే?"

"ముగ్గురి పేర్లూ ఎక్కుతాయి. మీ మీద అభియోగం నమోదైన రోజునే మీ ఆఫీసు మిమ్మల్ని పక్కన పెడుతుంది. ఈవిడ..." కోడల్ని గడ్డంతో చూపించింది, "ఆసుపత్రి మందుల కౌంటర్లో కదా పని? లైసెన్సు ఆగిపోతుంది. మళ్ళీ ఎప్పుడొస్తుందో నేను చెప్పలేను."

"నా పేరు రాయండి," అన్నాడు కొడుకు.

"మీరు నొక్కారా?"

"లేదు. ఏమో. గుర్తులేదన్నాను కదా!"

"ఏమో అని ప్రమాణపత్రం రాయలేను."

బిళ్ళ ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి వెళ్ళింది. లాయరమ్మ కళ్ళజోడు తీసి పైట చెంగుతో తుడుచుకుంటూ, ఎవరి వంకా చూడకుండా అంది.

"అబద్ధం రాయమని నేనెవరికీ చెప్పను. లైను పెద్దమ్మగారి పేరు మీదుంది. మధ్యాహ్నాలు ఆవిడే చూసేవారంటున్నారు. నిజంగానే ఆవిడైతే, జడ్జిగారు వయసు చూస్తారు. జరిమానాతో పోవచ్చు. పోవచ్చు అంటున్నాను, పోతుందని కాదు."



కోడలు ఏదో అంటుందని పెద్దావిడ ఎదురుచూసింది. అబ్బే, అత్తయ్య ఎందుకు అంటుందని. ఎప్పుడూ అనే పిల్లే. ఇంట్లో సిలిండరు జరపాల్సొచ్చినా అత్తయ్యా మీరు జరగండి అనే పిల్ల. ఇప్పుడు చాప అంచు పీచు లాగుతూ కూర్చుంది.

"బావుంది!" కొడుకు లేచి నిలబడ్డాడు. "మా అమ్మని బోనెక్కించి మేమిద్దరం ఉద్యోగాలు చేసుకుంటామా? ఇదా మీ సలహా? దీనికా ఫీజు?"

"కూర్చోరా," అంది పెద్దావిడ.

"నువ్వు మాట్లాడకమ్మా."

"నేను కాక ఇంకెవరు మాట్లాడతార్రా? నా గురించే కదా మాట్లాడేది. నీకు గుర్తులేదు, దానికి గుర్తులేదు. మధ్యాహ్నం నేను చూస్తూ చూస్తూ కునికేదాన్ని. కునుకులో ఏం నొక్కానో. నేనే అయ్యుంటాను."

"అయ్యుంటావా? అయ్యుంటావని జైలుకెళ్తావా?"

"జైలని ఎవరన్నార్రా? జరిమానా అంటోంది ఆవిడ."

"పోవచ్చు అంది. వినపడలేదా?" అతను పెళ్ళాం వైపు తిరిగాడు. "నువ్వయినా చెప్పవేం? నోట్లో ఏం పెట్టుకున్నావు?"

కోడలు తలెత్తింది. పెదాలు కదిలాయి. "అత్తయ్య ఇష్టం," అంది.

కొడుకు ఆమె వంక చూసిన చూపు పెద్దావిడ చూడలేకపోయింది. భర్త పోయాడు, కూతురు దూరాన కాపురం చేసుకుంటోంది. ఈ గడప దాటి వెళ్ళిపోవడాలు చాలు ఆవిడకి. ఈ ఇద్దరి మధ్యా ఆ చూపు ఇంకో పూట నిలబడితే, రేపు కోర్టు ఏమన్నా అనకపోయినా, ఎవరో ఒకరు బట్టలు సర్దుకుంటారు.

అతను విసురుగా వరండాలోకి వెళ్ళిపోయాడు. చెప్పులు వేసుకోలేదని గమనించి పెద్దావిడ ఊపిరి పీల్చుకుంది.

"నా పేరు రాయమ్మా," అంది.

*

లాయరమ్మ పేరు రాసింది. కానీ సంతకానికి కాగితం ఇటు తిప్పలేదు.

"ముందు ఇది వినాలి మీరు. ఫిర్యాదు పూర్తి నకలు ఇవాళే చేతికొచ్చింది. ఆ అభ్యంతరంలో ఏముందో ఇందులో ఉంది. రేపు అడిగితే తెల్లమొహం వెయ్యకూడదు." కళ్ళజోడు పెట్టుకుని చదవసాగింది. "ఈ ఫొటోలో ఉన్నది నేనే. నేను తప్పిపోలేదు. నేనే వచ్చేశాను."

పెద్దావిడ కాగితం వైపు వంగింది.

ఈ మాటలు ఆవిడ చదవలేదు. ఎన్నడూ చదవలేదు. ఎంత కునికినా, కళ్ళు ఎంత మసకబారినా, నేనే వచ్చేశాను అన్న మాట చదివి వదిలేసే మనిషి కాదు తను.

"నా కోసం ఎవరూ ఏడవడం లేదు," చదువుతోంది లాయరమ్మ, ముక్కు ఎగబీల్చుకుంటూ. "వెతికేది..." కాగితం తిప్పడానికి ఆగింది.

పెద్దావిడ యథాలాపంగా కోడలి వైపు చూసింది. కోడలు గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుని ఉంది. లాయరమ్మ ఇంకా కాగితం తిప్పుతూనే ఉంది. కోడలి పెదాలు మాత్రం కదిలాయి, చప్పుడు లేకుండా, వాక్యం చివరిదాకా.

"...వెతికేది నన్ను కొట్టడానికి," అని లాయరమ్మ తిరగేసిన పేజీలోంచి చదివింది. "దయచేసి తీసెయ్యండి. ఈ పని కూడా పోతే నాకు ఇంకెక్కడా చోటు లేదు. అంతే, ఇక్కడితో అయిపోయింది. గురువారం మధ్యాహ్నం వచ్చింది, కాసేపటికే వదిలేయి నొక్కారు." కాగితాలు సర్దుకుంది. "ఏం పెద్దమ్మగారూ, గుర్తొచ్చిందా?"

కోడలు కళ్ళు తెరిచింది. అత్తగారు తననే చూస్తోందని చూసింది. చూపు దించేసుకుంది.

ఇప్పుడు కాదనొచ్చు. నేను కాదమ్మా, ఈ మాటలు నేను చూళ్ళేదు అంటే సరిపోతుంది. ఆ పైన ఎవరిని అడగాలో లాయరమ్మకి తెలుసు. వరండాలో ఉన్నవాడికీ తెలుస్తుంది.

"ఆ," అంది పెద్దావిడ. "గుర్తొచ్చింది."

"ఖాయమేనా?"

"ఖాయమే. ఎక్కడ పెట్టమంటావు సంతకం?"

*

లాయరమ్మ ఫిర్యాదు నకలొకటి బల్ల మీద వదిలి, సంతకమైన కాగితాన్ని సంచిలో పెట్టుకుని, వరండాలో కొడుక్కి సంగతి చెప్పి వెళ్ళిపోయింది. కోర్టు మూసేలోపే దాఖలు చెయ్యాలట.

వంటింట్లో కోడలు పొయ్యి వెలిగించింది. దాని మీద ఏమీ పెట్టలేదు. ఉత్త మంటకేసి చూస్తూ నిలబడింది.

"ఎందుకే?" అంది పెద్దావిడ, తలుపు దగ్గరగా వేసి.

కోడలు మంట ఇంకాస్త పెంచింది.

"రేపు జడ్జిగారు అడుగుతారు, చదివి కూడా ఎందుకు వదిలేశావమ్మా అని. నేనేం చెప్పను? నాకే తెలీదే."

"మీరెందుకు సంతకం పెట్టారు అత్తయ్యా?"

"నేనడిగింది చెప్పు ముందు."

కోడలు చీర కొంగుతో మొహం తుడుచుకుంది. చెప్పడం మొదలుపెట్టాక గొంతు మామూలుగానే వచ్చింది, మందుల కౌంటర్లో ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్పినట్టు.

"పోయినేడు ఒక ముసలాయన ఫొటో ఉండేది గుర్తుందా? చెవి దగ్గర పుట్టుమచ్చ. కూతురు పెట్టుకుంది. ఆ ఫొటో మీద అభ్యంతరం వచ్చింది. నేను తప్పిపోలేదు, నా కొడుకు దగ్గర సుఖంగా ఉన్నాను, తీసెయ్యండి అని. ఆయనే రాసినట్టు. తీసేశాను. రాసింది ఆయన కాదు, ఇల్లు రాయించుకోవడానికి ఆయన్ని దాచినవాళ్ళు. కూతురు నాకు ఫోన్ చేసి ఏడ్చింది. తీసెయ్యకుండా ఉంటే ఎవరో ఒకరు చూసి చెప్పేవాళ్ళు కదమ్మా అని. ఆయన ఇప్పటికీ దొరకలేదు."

"నాకు చెప్పలేదే?"

"ఎవరికీ చెప్పలేదు." పొయ్యి మంట తగ్గించింది. "ఈ పిల్ల మాటలూ అలాగే ఉన్నాయి. నేనే, తప్పిపోలేదు, తీసెయ్యండి. ఆమే రాసిందని నాకెలా తెలుస్తుంది? మొహం కనపడదు, గొంతు వినపడదు. ఈసారి మోసపోకూడదనుకున్నాను."

పెద్దావిడ మెల్లగా అడిగింది.

"అంతేనా?"

"అంతే."

"అంతే అయితే ఆ మాటలన్నీ నీకు నోటికెందుకు వచ్చు?"



"ఇల్లు వదిలి వెళ్ళినవాళ్ళు నన్ను వెతకొద్దు అంటారంటే... అది నమ్మితే అత్తయ్యా... నా తమ్ముడి ఫొటో కూడా నేను తీసెయ్యాలి కదా."

"నీ తమ్ముడు దొరకాలని ఆ పిల్ల చెయ్యి విరగ్గొట్టించావా?"

అనేశాక పెద్దావిడ నోరు నొక్కుకుంది. కోడలు చెంపదెబ్బ తిన్నట్టు వెనక్కి జరిగింది. కానీ కాదనలేదు.

"నేను వెళ్ళి చెప్పేస్తాను. లాయరమ్మకి ఇప్పుడే ఫోన్ చేస్తాను."

"చేసి? నేను పెట్టిన సంతకం దొంగదని చెప్తావా? ప్రమాణం చేసి అబద్ధమాడితే అదింకో కేసు. నువ్వు లోపలికి, నేను లోపలికి. వాడొక్కడూ ఈ ఇంట్లో ఏం వండుకు తింటాడు? వాడికి నీళ్ళు కాయడం కూడా రాదు." నవ్వబోయింది, రాలేదు. కోడలి మణికట్టు పట్టుకుని స్టూలు మీద కూర్చోబెట్టింది. "ఆ ముసలాయన సంగతి ఇంకోసారి చెప్పు. నిదానంగా చెప్పు. పుట్టుమచ్చ ఏ చెవి దగ్గర? ఫోన్ చేసింది పెద్దకూతురా, చిన్నకూతురా? అడిగితే నేను తడబడకూడదు. వదిలేసింది నేను కదా."

"ఎడమ చెవి," అంది కోడలు. "ఒక్కతే కూతురు అత్తయ్యా."

"ఎడమ చెవి. ఒక్కతే కూతురు," అని అప్పజెప్పింది పెద్దావిడ.

తలుపు భళ్ళున తెరుచుకుంది.

కొడుకు గుమ్మంలో నిలబడ్డాడు. ఒక చేతిలో ఫిర్యాదు నకలు, ఇంకో చేతిలో ఫోను. ఇన్నాళ్ళుగా చూడని వెలుగు మొహంలో.

"అమ్మా! నువ్వు కాదమ్మా! నువ్వు నొక్కలేదు! ఇదిగో, ఇందులో తేదీ ఉంది చూడు. గురువారం. ఆ గురువారం నీకు కన్ను ఆపరేషను. పొద్దున్న వెళ్ళి పొద్దుగూకాక వచ్చాం. ఇదిగో ఫొటో, కంటికి కట్టుతో నవ్వుతున్నావు, పక్కన నేను. తేదీ, వేళ అన్నీ పడ్డాయి. ఆ సంతకం చెల్లదని చెప్పేద్దాం. కోర్టుకి ఇదొక్కటి చూపిస్తే చాలు!"

పెద్దావిడ చెయ్యి చాపింది.

"ఆ ఫొటో తీసెయ్యరా."

"ఏంటి?"

"తీసెయ్యి. నా మాట విను. ఇప్పుడే తీసెయ్యి."

"పిచ్చా నీకు? నిన్ను బయటపడేసేది ఇదే..." అతను నవ్వుతూనే అన్నాడు. "అయినా నేను తీసేస్తే పోతుందా? ఆ రోజే అక్కకి పంపాను. అక్క బావకి పంపింది, వాళ్ళత్తగారికి పంపింది, అందరూ ఫోన్లు చేసి పలకరించారు కదా నిన్ను! నా దగ్గర లేకపోయినా వాళ్ళందరి దగ్గరా..."

మాట మధ్యలో అతని చూపు తల్లి మొహం మీంచి స్టూలు మీద ఉన్న పెళ్ళాం మీదకి జారింది. అక్కడే ఆగిపోయింది. నవ్వు ఇంకా పెదాల మీదే ఉంది, దాన్ని ఏం చెయ్యాలో తెలీనట్టు.

"నేనూ అమ్మా కంటి ఆసుపత్రిలో ఉన్నాం. నువ్వు ఆ రోజు సెలవు పెట్టావు," అన్నాడు నెమ్మదిగా, తనకి తనే లెక్క చెప్పుకున్నట్టు. "నొక్కింది ఇంట్లోంచి అన్నారు."

కోడలు లేచి పొయ్యి ఆపేసింది. ఆపి, అతని వైపు తిరిగింది.